ముఖం మీద మూడు సమస్యలు, ఒకే ట్యూబు: అజెలాయిక్ యాసిడ్‌తో నడిచిన ఒక కేసు

మొటిమలకు, మచ్చలకు పూసే అజెలాయిక్ యాసిడ్ రాయించుకున్నవాళ్లలో చాలామంది నెలా నెలన్నరకే ట్యూబు పక్కన పడేస్తారు. "మంట పుట్టింది గానీ మచ్చ పోలేదండీ" అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మంట మొదటి రోజే వస్తుంది, మచ్చ పోవడానికి నెలలు పడుతుంది, ఈ మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ వాళ్లకు చెప్పి ఉండరు. మొటిమ, ఎరుపు, మచ్చ ఈ మందుకు ఒకే వేగంతో లొంగవు. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడితే దీని పని వేరుగా ఉంటుందని నా నమ్మకం. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ఇక్కడ చెప్పే పేషెంటు ముఖం మీద ఆ మూడూ ఉన్నాయి. వాటికి తోడు స్టెరాయిడ్ క్రీము అలవాటు, గర్భం కోసం ప్రయత్నం. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

మొదటి విజిట్

వయసు 31. ముదురు చామనఛాయ. ఎండలో ఎర్రగా కాలడం అరుదు, నల్లబడటం మాత్రం తేలిక. ఎండకు స్పందించే తీరును బట్టి చర్మాన్ని ఆరు రకాలు చేసే ఫిట్జ్‌ప్యాట్రిక్ వర్గీకరణలో 5వ రకం చర్మం. పాతికేళ్లు దాటాక గడ్డం చుట్టూ, దవడ అంచున మొటిమలు మొదలయ్యాయట. నెలసరికి ముందు వారంలో ఎక్కువయ్యేవి. ఒక్కో మొటిమ పది రోజుల్లో మానిపోయేది గానీ దాని చోట మిగిలిన నల్ల మచ్చ నెలల తరబడి అలాగే ఉండేది. ఆమెను బాధపెట్టింది మొటిమల కంటే ఈ మచ్చలే. ముదురు రంగు చర్మంలో ఇది మామూలే. లోపల కాస్త వాపు వచ్చినా రంగు కణాలు రెచ్చిపోయి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి.

మచ్చలు పోవడానికి తెలిసినవాళ్లు ఏదో క్రీము చెబితే మొదలుపెట్టారు. ట్యూబు చూపించమన్నాను. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక మోస్తరు బలమున్న స్టెరాయిడ్ కలిసిన మిశ్రమం. మంగు మచ్చలకు, డాక్టరు గమనిస్తూ ఉండగా, కొన్ని వారాల పాటు వాడితే మంచి మందే. ఈమె ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ ముఖమంతా రాసుకుంటున్నారు. మొదటి రెండు వారాల్లో ముఖం తేటబడింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాలుగో నెలకల్లా ఒక్క రాత్రి మానేసినా మర్నాటికి బుగ్గలు వేడెక్కి మండటం, రెండు రోజులకు సన్నటి పొక్కులు లేవడం మొదలైంది. మళ్లీ రాస్తే గంటల్లో చల్లబడేది.

"ఆ క్రీము నాకు బాగానే పడుతుందండీ డాక్టర్ గారూ, ఆపితేనే పడట్లేదు" అన్నారు. ముఖానికి స్టెరాయిడ్ అలవాటైనవాళ్లందరూ ఏదో ఒక రూపంలో ఈ మాటే అంటారు. అలా ఎందుకవుతుందో చెప్పడానికి మొదటి విజిట్‌లో సగం సమయం పెట్టాను. మిగతా వైద్యమంతా దాని మీదే నిలబడుతుంది.

మంచి వెలుతురులో దగ్గరగా చూస్తే దవడ అంచున, గడ్డం మీద మామూలు మొటిమలే ఉన్నాయి. మూసుకుపోయిన తెల్ల తలలు, గట్టి పొక్కులు, ఒకటి రెండు చీము పొక్కులు, అన్నీ వేర్వేరు దశల్లో. బుగ్గల మీదవి వేరే రకం. అన్నీ ఒకే సైజులో, ఒకే దశలో ఉన్న సన్నటి పొక్కులు. వాటి మధ్య ఒక్క కామెడోన్ (మూసుకుపోయిన రంధ్రం) కూడా లేదు. స్టెరాయిడ్ తెచ్చిపెట్టే పొక్కులు ఇలాగే ఉంటాయి. వాపు ఉన్న పొక్కులన్నీ కలిపి 34 లెక్క తేలాయి. పై పెదవి మీద నూగు మునుపటికంటే ఒత్తుగా పెరిగిందని ఆమే చెప్పారు. అది కూడా స్టెరాయిడ్ గుర్తే.

ఎరుపు దగ్గర కొంచెం ఆగాలి. పుస్తకాల్లో ఫోటోలు ఎక్కువగా తెల్ల చర్మానివే కాబట్టి ఎరుపంటే గులాబీ రంగే మన కళ్లకు అలవాటు. ముదురు చర్మంలో అది ఊదాగానో, ఇటుక రంగు కలిసిన గోధుమగానో కనిపిస్తుంది. పేషెంటు దాన్ని కూడా "నలుపు" అనే అంటారు. ఈమె బుగ్గ మీద గాజు స్లైడు పెట్టి మెల్లగా నొక్కితే ఆ రంగు తేలిపోయింది, తీయగానే మళ్లీ నిండింది. అంటే అది రక్తనాళాల రంగు. పక్కనే ఉన్న పాత మొటిమ మచ్చ మీద అదే స్లైడు నొక్కితే రంగులో ఏ మార్పూ లేదు, అది మెలనిన్. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్ష చేయకపోతే మొత్తాన్నీ మచ్చల కింద జమకట్టి, రంగు తగ్గించే మందు ఇంకొంచెం బలంగా రాసే ప్రమాదం ఉంది. అద్దంలో చూపిస్తూ నొక్కితే పేషెంటుకు కూడా విషయం వెంటనే అర్థమవుతుంది.

చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపులో బుగ్గల మీద కొమ్మలు వేసిన సన్నటి రక్తనాళాలు కనిపించాయి. మచ్చలు ఎక్కువగా గోధుమ రంగులో, అంటే పై పొరలో ఉన్నాయి. దవడ దగ్గర రెండు మూడు మాత్రం బూడిద నీలం ఛాయలో ఉన్నాయి. వాటిలో రంగు లోపలి పొరకు దిగిందన్నమాట. ఆ రెండు మూడింటినీ ఫోటోలో విడిగా గుర్తుపెట్టుకున్నాను.

కొట్టివేసిన అవకాశాలు

మొటిమలు రాని చోట, రెండు బుగ్గల మీదా సమానంగా మచ్చ లేదు కాబట్టి అప్పటికి మంగు కాదు. హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో వచ్చే ఓక్రోనోసిస్ (చర్మం నీలి నలుపుగా మారడం) గుర్తులు డెర్మోస్కోపులో లేవు. స్టెరాయిడ్ రాసిన చర్మంలో తామర వేషం మార్చుకుని దాక్కోవచ్చు. అందుకే పొట్టు గీసి పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మైక్రోస్కోపు కింద చూశాం, ఫంగస్ లేదు. కీళ్ల నొప్పులు, నోటి పుండ్లు, ఎండ తగిలితే దద్దుర్లు లాంటివేమీ లేవు కనుక లూపస్ (ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడే జబ్బు) అనుమానం నిలబడలేదు. నెలసరి సక్రమంగా ఉంది, ముఖం మీద తప్ప ఇంకెక్కడా రోమాలు పెరగలేదు, అందుకని హార్మోన్ పరీక్షలు రాయలేదు.

చివరికి రాసుకున్నది ఇది: స్టెరాయిడ్ వల్ల వచ్చిన రొసేషియా (బుగ్గలు ఎర్రబడి పొక్కులు లేచే జబ్బు) లాంటి వాపు, దాని కింద పెద్దవాళ్లలో వచ్చే మొటిమలు, మొటిమల తర్వాత మిగిలిన నల్ల మచ్చలు.

వెళ్లబోతూ ఆమె చెప్పిన మాటతో వైద్యం దారి ఖాయమైంది. రెండు నెలలుగా గర్భనిరోధకాలు మానేశారట. ఆ రోజు చేసిన గర్భ పరీక్ష నెగటివ్. అయినా ఇక మీదట ఏ నెలైనా పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు మింగే ఐసోట్రెటినోయిన్ ఊసే ఎత్తకూడదు. డాక్సీసైక్లిన్ వద్దు. పై పూత రెటినాయిడ్లు (విటమిన్ ఎ తరహా మందులు) గర్భంలో ఆపేయమంటాం కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టడంలో అర్థం లేదు. హైడ్రోక్వినోన్ పూసినప్పుడు చర్మం గుండా ఒంట్లోకి చేరే వాటా మిగతా పూత మందులతో పోలిస్తే చాలా ఎక్కువ, మూడో వంతుకు పైనే. కనుక అదీ వద్దు. మచ్చలకు మామూలుగా చేయి పోయే మందులన్నీ ఇలా పక్కకు పోయాయి.

ముందు స్టెరాయిడ్, తర్వాతే యాసిడ్

అజెలాయిక్ యాసిడ్ ఆ రోజే రాసివ్వలేదు. ఎనిమిది నెలల స్టెరాయిడ్‌తో పై పొర పలచబడి, నీళ్లు తగిలినా చిమచిమలాడే చర్మం మీద 15% యాసిడ్ పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మంట భరించలేక వారంలో ఆమె పాత ట్యూబు దగ్గరికి వెళ్లిపోయేవారు.

కాబట్టి మొదటి నాలుగు వారాలు స్టెరాయిడ్ ఆపడం, చర్మాన్ని ప్రశాంతంగా వదిలేయడం, అంతే. నురగ ఎక్కువ రాని, వాసన లేని క్లెన్సర్ రోజుకు రెండుసార్లు. సాదా మాయిశ్చరైజర్ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. పగలు జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. ఐరన్ ఆక్సైడ్ ఎందుకంటే ముదురు చర్మంలో మచ్చలను అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా ముదురు చేస్తుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని సరిగా ఆపలేదు. మిగతా సీరమ్‌లు, టోనర్లు, స్క్రబ్‌లు అన్నీ బంద్.

"అమ్మా, మొదటి రెండు వారాలూ ముఖం ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. మీకు ఫోన్ చేయాలనిపిస్తుంది, చేయండి. ఆ పాత ట్యూబు మాత్రం ముట్టుకోకండి" అని చెప్పాను. అన్నట్టే ఐదో రోజుకు పొక్కులు విరుచుకుపడ్డాయి. చల్లటి తడిగుడ్డ, మాయిశ్చరైజర్, ధైర్యం చెప్పడం, వీటితోనే నెట్టుకొచ్చాం. పరిస్థితి చేయి దాటితే గర్భంలోనూ వాడదగ్గ ఎరిథ్రోమైసిన్ కోర్సు ఇద్దామనుకున్నాను గానీ ఆ అవసరం రాలేదు. మూడో వారం చివరికి వేడి తగ్గింది. నాలుగో వారంలో ముఖం కడుక్కుంటే చిమచిమ లేదన్నారు. నేను ఎదురుచూసిన సంకేతం అదే.

ఈ మందే ఎందుకు

అజెలాయిక్ యాసిడ్ తొమ్మిది కార్బన్ల డైకార్బాక్సిలిక్ ఆమ్లం. గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో సహజంగా ఉంటుంది. చర్మం మీద నివసించే మలసీజియా అనే ఈస్టు కూడా దీన్ని తయారుచేస్తుంది. దీని కథ మొదలైంది కూడా ఆ ఈస్టు దగ్గరే. శోభి మచ్చల్లో చర్మం ఎందుకు తెల్లబడుతుందో వెతుకుతూ 1970ల చివర్లో రోమ్‌లో మార్చెల్లా నజ్జారో-పోర్రో, సీరో పస్సీ ఈ ఈస్టు తయారుచేసే డైకార్బాక్సిలిక్ ఆమ్లాలు టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయని చూపారు. మెలనిన్ తయారీకి తాళంచెవి ఆ ఎంజైమే. తర్వాత మంగుకు వాడిచూస్తుంటే ఆ పేషెంట్లలో మొటిమలు కూడా తగ్గుతున్నాయని గమనించారు. మచ్చల మందుగా వచ్చి మొటిమల మందుగా స్థిరపడింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 20% క్రీమును 1995లో మొటిమలకు, 15% జెల్‌ను 2002లో రొసేషియాకు, 15% ఫోమ్‌ను 2015లో మళ్లీ రొసేషియాకే ఆమోదించింది. మచ్చలకు మాత్రం అక్కడ ఆ ముద్ర లేదు. డాక్టర్లు తమ విచక్షణతో వాడేదే.

మచ్చల విషయంలో దీని గుణం ఒకటి నాకు బాగా నచ్చుతుంది. మామూలుగా పనిచేస్తున్న రంగు కణాల జోలికి పెద్దగా పోదు, అతిగా రెచ్చిపోయిన వాటి మీదే ఎక్కువ ప్రభావం చూపుతుంది. అందుకే మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మం తెల్లబడి వలయంలా కనిపించే ఇబ్బంది దీంతో చాలా అరుదు. మొటిమల వైపు చూస్తే రంధ్రాలను మూసేసే కెరటిన్ పోగు పడకుండా చూస్తుంది, మొటిమల బ్యాక్టీరియాను అణుస్తుంది. యాంటీబయాటిక్ పూతలకు ఆ బ్యాక్టీరియా అలవాటుపడినట్టు దీనికి అలవాటుపడటం ఇప్పటిదాకా సమస్య కాలేదు. రొసేషియాలో క్యాథెలిసిడిన్ అనే పెప్టైడు, దాన్ని చురుకుచేసే కల్లిక్రీన్-5 ఎంజైము మితిమీరి వాపు రేపుతాయి. ఆ మార్గాన్ని కూడా ఇది నెమ్మదింపజేస్తుంది.

దీన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. మొటిమలు ఒక్కటే సమస్యై, గర్భం ప్రసక్తి లేకపోతే నా మొదటి ఎంపిక ఇది కాదు. ట్రయల్స్ అన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షల్లో 2020 నాటి దానిలో, బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల పూత మందుతో పోల్చినప్పుడు పేషెంట్లు తమకు తాము వేసుకున్న అంచనాలో ఇది వెనకబడింది. రొసేషియాలో మాత్రం 0.75% మెట్రోనిడజోల్ జెల్‌తో 15 వారాలు పోల్చిన 2003 అధ్యయనంలో పొక్కుల్లోనూ ఎరుపులోనూ ఇదే మెరుగ్గా తేలింది, కాకపోతే చిమచిమ ఎక్కువ. మంగు విషయంలో 20% క్రీము, 4% హైడ్రోక్వినోన్ ఆరు నెలల చివరికి దాదాపు సమానంగా నిలిచాయి. "ఆరు నెలల చివరికి" అన్న మాటను పేషెంటుకు గట్టిగా చెప్పాలి.

జెల్, క్రీముల్లో ఏది అన్నది కూడా ఆలోచించాను. 20 అన్న అంకె 15 కంటే పెద్దది కాబట్టి క్రీమే బలమని పేషెంట్లే కాదు, కొందరు డాక్టర్లూ అనుకుంటారు. జెల్‌లో మందు మరింత సన్నటి రేణువులుగా, కొంత కరిగి ఉంటుంది. చర్మంలోకి చేరే వాటా జెల్ నుంచే ఎక్కువని ల్యాబు పరీక్షలు చూపాయి. ఈమెకు బుగ్గల సమస్య రొసేషియా తరహాది కనుక 15% జెల్ రాశాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేదా అని ముందే అడిగాను, లేదన్నారు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఈ మందుతో అది ఎక్కువైన సందర్భాలు అరుదుగా నమోదయ్యాయి కాబట్టి ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగకుండా వదలను.

రాసుకునే పద్ధతి

చీటీలో "రాత్రి పూట రాయండి" అని ఒక్క ముక్క రాసేసి పంపితే ఈ మందు పని సగం చెడినట్టే. మా దగ్గర కూర్చోబెట్టి చేసి చూపించాం.

ముఖం కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, పదిహేను ఇరవై నిమిషాలు. తడి చర్మం మీద చిమచిమ ఎక్కువ. ముందు పలచగా మాయిశ్చరైజర్, అది ఇంకాక బఠాణీ గింజంత జెల్. దాన్ని నుదురు, గడ్డం, రెండు బుగ్గల మీద చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్కను వేలి కొసతో బయటికి జరపాలి. రుద్దకూడదు. ముక్కు పక్కన మడతలు, పెదవుల మూలలు, కనురెప్పలు వదిలేయాలి. మొటిమ ఉన్నచోటే చుక్క పెట్టడం కాదు, ఆ ప్రాంతమంతా పూయాలి. రేపటి మొటిమ ఈ రోజు కనిపించదు మరి.

మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, తర్వాత రెండు వారాలు ప్రతి రాత్రి, అది నిలబడితే రోజుకు రెండుసార్లు. లేబుల్ మీద మొదటి నుంచే రెండుసార్లు అని ఉంటుంది. మామూలు చర్మానికి అది సరే. స్టెరాయిడ్ నుంచి అప్పుడే బయటపడిన చర్మానికి మెల్లగా వెళ్లడమే మేలు.

గడువులు కూడా అదే చీటీ వెనక రాసిచ్చాను. కొత్త పొక్కులు తగ్గడం నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో. ఎరుపు సర్దుకోవడం రెండు మూడు నెలలు. గోధుమ మచ్చలు ఆరు నెలలు. బూడిద నీలం మచ్చల గురించి మాట ఇవ్వలేను.

మంటా, ఎలర్జీయా?

రాత్రి విడిచి రాత్రి దశ దాటి రోజూ మొదలుపెట్టిన వారంలో ఫోన్ వచ్చింది. జెల్ రాసిన ఐదు నిమిషాలకు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటోందని, తనకు ఎలర్జీ వచ్చిందని టెన్షన్. చాలా కేసుల్లో మందు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. డాక్టరు కూడా భయపడి "ఆపేయండి" అంటే అక్కడితో కథ ముగుస్తుంది, ఆ పేషెంటు జీవితాంతం తనకు ఈ మందు పడదనే అనుకుంటుంది.

అడగాల్సినవి తక్కువే. ఎప్పుడు మొదలవుతుంది? ఎంతసేపు ఉంటుంది? మర్నాడు ఉదయం ఏం కనిపిస్తుంది? ఈమెకు నిమిషాల్లో మొదలై అరగంటలోపు తగ్గిపోతోంది, ఉదయానికి చర్మం మామూలుగా ఉంటోంది. ఇది ఈ మందు సహజ గుణం. ఎలర్జీ అయితే ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది, దురద గంటల కొద్దీ వదలదు, రాసిన హద్దు దాటి పాకుతుంది, కనురెప్పలు ఉబ్బుతాయి, నీటి పొక్కులు రావచ్చు. ఫోన్‌లో విని తేల్చేయకుండా మోచేతి లోపలి వైపు ఒక నాణెమంత మేర వారం పాటు రోజుకు రెండుసార్లు జెల్ రాసి చూడమన్నాను. అక్కడ ఏమీ రాలేదు. దాంతో ఆమె భయం తగ్గింది, నా అనుమానమూ తీరింది.

మళ్లీ రాత్రి విడిచి రాత్రికి దిగి, పది రోజుల తర్వాత తిరిగి పెంచాం. ఈ మాటల మధ్యలోనే ఒక సంగతి బయటపడింది. పాత విటమిన్ సి సీరమ్ పారేయడానికి మనసొప్పక ఉదయం పూట వాడుతున్నారట. దాని ఆమ్లత్వం కూడా తక్కువేమీ కాదు. అది మానాక చిమచిమ ఐదు నిమిషాల ముచ్చటగా మిగిలింది, మరో మూడు వారాలకు అదీ పోయింది.

ఇంకో చిన్న విషయం. ఒకరోజు ఫోటో పంపి "చర్మం ఊడిపోతోంది డాక్టర్ గారూ" అన్నారు. బుగ్గల మీద తెల్లటి నలుసులు. పెద్దది చేసి చూస్తే అవి పొట్టులా లేవు, రబ్బరు తుడిచినప్పుడు వచ్చే పోగుల్లా చుట్టుకుని ఉన్నాయి. జెల్ ఆరకముందే సిలికోన్ ఎక్కువున్న సన్‌స్క్రీన్ రుద్దడం వల్ల రెండూ కలిసి ఉండకట్టాయి. రెంటికీ మధ్య పది నిమిషాలు వదలమని, సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దినట్టు వేయమని చెప్పాను. నలుసులు మాయం. వినడానికి పనికిమాలిన విషయంలా ఉంటుంది గానీ దీనివల్ల ఉదయం డోసు మానేసేవాళ్లు, అంతకంటే ఘోరంగా సన్‌స్క్రీన్ మానేసేవాళ్లు ఎందరో.

వారాలు గడిచేకొద్దీ

జెల్ మొదలుపెట్టిన నాలుగో వారానికి ఆమె అభిప్రాయం "ఏం మారలేదు". నా లెక్కలో పొక్కులు 34 నుంచి 25కు వచ్చాయి. ఉన్నవి మానుతూ కొత్త మచ్చలు మిగులుస్తుండటంతో అద్దంలో చూసుకున్న మనిషికి ముఖం మరింత నల్లగానే కనిపిస్తుంది. ఈ దశలో అద్దం మీద ఆధారపడకూడదు. ప్రతి విజిట్‌లో ఒకే గదిలో, ఒకే లైటు కింద, ఒకే దూరం నుంచి ఫోటో తీస్తాం. మొదటి ఫోటో పక్కన పెట్టి చూపిస్తే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలితో బుగ్గ చూపించి "ఇక్కడ చిన్నవి లేవు కదా" అన్నారు.

ఎనిమిదో వారానికి బుగ్గల మీది సన్నటి పొక్కులు దాదాపు పోయాయి. పన్నెండో వారానికి వాపు ఉన్న పొక్కులు మొత్తం 8, అవి కూడా దవడ అంచునే, నెలసరి ముందు వచ్చేవే. గాజు స్లైడు నొక్కి చూస్తే నొక్కిన చోటికీ పక్కకీ రంగులో తేడా బాగా తగ్గింది. ఇందులో జెల్ వాటా ఎంత, స్టెరాయిడ్ మానడం వాటా ఎంత, ఐరన్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ వాటా ఎంత అని ఒక్క కేసులో విడదీయలేం. స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఎరుపు దాన్ని మానేస్తే నెలల్లో తనంతట తానే చాలావరకు సర్దుకుంటుంది కూడా. దవడ మీది మొటిమలు తగ్గడంలో మాత్రం ఘనత జెల్‌దేనని అనుకుంటున్నాను, ఎందుకంటే అవి స్టెరాయిడ్ కంటే ముందు నుంచీ ఉన్నవి.

మచ్చలు అప్పటికింకా కదలడం మొదలైంది, అంతే. అంచులు చెదిరి, మధ్యలో పలచబడ్డాయి.

గర్భం

జెల్ మొదలుపెట్టిన నాలుగో నెల చివర్లో గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఆ రోజే ఫోన్ చేసి "జెల్ ఆపేయనా?" అన్నారు.

దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పకూడదు. పూసిన దాంట్లో రక్తంలోకి చేరేది దాదాపు 4 శాతం. తినే ధాన్యాల వల్ల, ఒంట్లో కొవ్వు ఆమ్లాలు విరగడం వల్ల ఈ ఆమ్లం మనందరి రక్తంలో ముందే కొంత ఉంటుంది. పూత వల్ల కలిసేది ఆ మామూలు హెచ్చుతగ్గుల పరిధిని పెద్దగా దాటదు. ఒంట్లోకి చేరింది కూడా ఎక్కువ భాగం మారకుండానే మూత్రంలో పోతుంది. అయితే గర్భిణుల మీద పకడ్బందీగా చేసిన పెద్ద ట్రయల్స్ లేవు. జంతువులకు తల్లికే హాని చేసేంత పెద్ద మోతాదులు నోటి ద్వారా ఇచ్చినప్పుడు పిండాలపై ప్రభావం కనిపించింది. ఈ రెండు వైపులా ఆమెకు, ఆమె భర్తకు చెప్పాను, ప్రసూతి డాక్టరుతోనూ మాట్లాడాను. గర్భంలో మొటిమలకు మొదట ఆలోచించే పూత మందుల్లో ఇది ఒకటని మా ఇద్దరి అభిప్రాయమూ కలిసింది. అవసరానికి మించి వాడకూడదన్న సూత్రంతో రోజుకు ఒక్కసారికి తగ్గించి, ముఖానికే పరిమితం చేసి కొనసాగించాం. ఆమె మొదటి మూడు నెలలూ పూర్తిగా ఆపేస్తానని ఉంటే అభ్యంతరం చెప్పేవాణ్ని కాదు. మొటిమ ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు, తల్లి మనసు కుదుటపడటం కూడా వైద్యంలో భాగమే.

గర్భం ఐదో నెలలో కొత్త సంగతి మొదలైంది. రెండు చెంప ఎముకల మీదా, పై పెదవి మీదా సమానంగా లేత గోధుమ రంగు పరుచుకుంది. మొటిమల తాలూకు మచ్చలు పలచబడుతున్న సమయంలో మంగు వచ్చిందన్నమాట. ఇది గర్భంలో హార్మోన్ల వల్ల వచ్చేదని, మందు వికటించి కాదని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. జెల్ అదే మోతాదులో ఉంచి, సన్‌స్క్రీన్ మధ్యాహ్నం ఇంకోసారి వేయమన్నాను. ప్రసవం దాకా అది ముదరలేదు. జెల్ రాయకపోయి ఉంటే ముదిరేదా అన్నది నేను చెప్పలేను.

మిగిలినవి

ప్రసవమైన మూడు నెలలకు చూసినప్పుడు దవడ మీద రెండు చిన్న పొక్కులు. గోధుమ మచ్చల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల చర్మంలో కలిసిపోయాయి. మంగు సగం తగ్గింది. పాలిస్తున్నారు కాబట్టి జెల్ రోజుకు ఒకసారే కొనసాగుతోంది. రాసుకున్నాక చేతులు కడుక్కోవడం, బిడ్డ చెంపను తన చెంపకు ఆనించుకునే ముందు జెల్ ఇంకిపోయేలా చూసుకోవడం, ఇవే జాగ్రత్తలు. స్టెరాయిడ్ క్రీము మళ్లీ ముట్టుకోలేదు.

బుగ్గల మీది సన్నటి రక్తనాళాలు అలాగే ఉన్నాయి. వాటి మీద అజెలాయిక్ యాసిడ్ పనిచేయదు, ఆ మాట మొదటి రోజే చెప్పాను. మొదట్లో ఫోటోలో గుర్తుపెట్టుకున్న బూడిద నీలం మచ్చల్లో ఒకటి కొంచెం తగ్గింది, రెండు ఏమాత్రం కదలలేదు. పాలు మాన్పించాక రక్తనాళాలకు లేజర్ గురించి మాట్లాడుకుందామన్నాం. ముదురు చర్మం మీద లేజర్‌తోనే కొత్త మచ్చలు పడే ప్రమాదం ఉంది కాబట్టి ముందు చెవి కింద చిన్న చోట టెస్ట్ షాట్ వేసి ఎనిమిది వారాలు చూస్తాం. ఆ రెండు లోతు మచ్చలను మాత్రం లేజర్‌తో కదపడం నాకు ఇష్టం లేదు. రంగు సన్‌స్క్రీన్ కింద అవి ఎలాగూ కనిపించడం లేదు, ఆమె కూడా వాటిని వదిలేద్దామనే అన్నారు.